రికవరీ రేటు ఎందుకు పడిపోయింది?

మూడేళ్ల కిందటి సంగతి. బచేలి గని టౌన్‌షిప్‌లో నేను పారిశుధ్య సూపర్‌వైజర్‌ని. క్వార్టర్ల చెత్తలోంచి ప్లాస్టిక్, అట్ట, సీసాలు వేరుచేసే షెడ్డు నా కిందే నడిచేది. మొత్తం చెత్త బరువులో షెడ్డుకు చేరే ఈ సరుకు వాటాను రికవరీ రేటు అంటాం. మొదటి ఏడాది చక్కగా పెరిగిన ఆ రేటు రెండో ఏడాది నెలనెలా దిగజారసాగింది.

పై అధికారి తేల్చేశారు. "జనానికి మోజు తీరిపోయింది. వచ్చే నెల నుంచి షెడ్డు బంద్. అంతా డంపింగుకే."

చెత్త ఏరే దీదీల ముఖాలు వాడిపోయాయి. తర్లగూడ నుంచి వచ్చి పనిచేస్తున్న లచ్చక్క నన్నే నిలదీసింది. "గిదేంది మేడమ్! పొద్దంత ఏరుతనే ఉన్నం గదా, మా పని పోవుడేంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెత్త ఎలా ఇవ్వాలో ఇంటింటికీ తిరిగి గొంతు చించుకుని చెప్పింది ఇందుకా! నాలుగు దులిపేద్దామని క్వార్టర్ల మీద పడ్డాను. మొదటి ఇల్లు శ్రీకాకుళం నుంచి వచ్చిన పార్వతమ్మగారిది. నోరు తెరవబోయి ఆగిపోయాను. పెరట్లో దండెం నిండా పాల కవర్లు, క్లిప్పులు పెట్టి మరీ!

"ఇదేంటి పిన్నిగారూ?"

"నువ్వే కదమ్మా కడిగి ఇమ్మన్నావు! సబ్బెట్టి కడిగి ఆరేత్తన్నాను. ఇంకేటి సెయ్యమంటావు?"

పక్కింట్లోనూ అదే, వెనక వీధిలోనూ అదే. అంటే మునుపు మా కాటా ఎక్కినదాంట్లో సగం పప్పుచారూ వాననీళ్ళేనన్నమాట! జనం శ్రద్ధ పెట్టేకొద్దీ మా రేటు పడిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడే అధికారిని షెడ్డుకు లాక్కొచ్చాను. లచ్చక్క రెండు సంచుల్లో సమానంగా కవర్లు నింపింది. ఒకదాంట్లో పార్వతమ్మగారి వీధివి, రెండోదాంట్లో కడిగి ఇమ్మని మేము ఇంకా చెప్పని కాలనీవి. మురికి సంచే బాగా బరువు తూగింది.

"ఆ బరువంతా జగదల్‌పూర్‌లో కొనేవాళ్ళు వెనక్కి తిప్పికొట్టే సరుకు సార్, దాన్నే రిజెక్ట్ అంటాం. ఈ ఏడాది ఒక్క మూటా తిరిగి రాలేదు" అన్నాను.

ఆయన ఓ కవరు తీసి వాసన చూశారు. "అరే, మా వంటింటి గిన్నెలకన్నా శుభ్రంగా ఉందే!"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. అప్పటినుంచి వచ్చిన బరువు కాకుండా, నిజంగా అమ్ముడుపోయిన బరువునే లెక్కలోకి తీసుకున్నాం. పాత నెలలనూ అలాగే తిరగేసి చూస్తే పడిపోయిందనుకున్న రేటు పైకి ఎగబాకుతూ కనిపించింది. గర్వంతో నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంకె తగ్గినంత మాత్రాన జనం చెడిపోయారనుకోకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మరి లచ్చక్కో? అధికారి జీపు కదిలీ కదలకముందే గేటు దగ్గర నిలబడి కేకేసింది.

"షెడ్డు బంద్ లేదే! రేపు పొద్దుగాల్నే అందరూ రాండ్రి!"