మిషన్‌కు పెట్టిన బొట్టు

ఆటల మిషన్లు ఆరేడేళ్లకోసారి మారితే సరిపోతుందా, ఇంకా త్వరగా మారాలా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేను లేచి బయటికి పోతాను. ఒకప్పుడు ఆ వాదన నేనే చేశాను, అదీ మా బాపుతో. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. పట్నం శివారున సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక చిన్న మడిగ అద్దెకు తీసుకుని వీడియో గేముల దుకాణం పెట్టాను. రెండు టీవీలు, రెండు మిషన్లు, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు. చదువు అబ్బలేదు. మా ఊరు అత్వెల్లిలో బాపుతో పాటు పొలంలో దిగాలంటే నామోషీ. ఈ దుకాణమైనా నిలబడకపోతే ఊళ్లో ముఖం చూపించలేను.

కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి పక్క కాలనీల్లో స్థిరపడ్డవాళ్ల పిల్లలు బడి వదలగానే వచ్చేవారు. ఒకనాడు వాళ్లలో ఒకడు అడిగాడు. "ఏంటన్నయ్యా, ఇంకా పాతదేనా? కొత్తది వచ్చేసిందిగా!" ఆ వారం నుంచి కుర్చీలు ఖాళీ.

ఇంటికి పోయి బాపును కొత్త మిషన్ కొనిపెట్టమన్నాను.

"మన ట్రాక్టర్ నువ్వు పుట్టినప్పటి సంది నడుస్తాంది. గీ డబ్బా గప్పుడే ముసల్దయ్యిందా?" అన్నాడు.

"ట్రాక్టర్‌తోని దీనికేం పోలిక బాపూ? కంపెనోళ్లు ఇంకా జల్దీ మార్చాలె. నీకు గీ సంగతులు తెల్వయి" అన్నాను, ఏ కంపెనీయో నన్ను సలహా అడిగినట్టు. ఆ ఏడు ట్రాక్టర్ టైర్లు మార్చాల్సింది. బాపు అవి మార్చకుండా నాకు మిషన్ కొనిచ్చాడు.

దసరా పొద్దున బాపు తెల్ల ధోవతి కట్టుకుని, టెంకాయ, పసుపు, కుంకుమ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. మా ఇంట్లో ఆ రోజు నాగలికైనా, బోరు మోటారుకైనా బొట్టు పెట్టాల్సిందే. కొత్త మిషన్ చూడాలని పిల్లలంతా గుమ్మం దగ్గర మూగారు.

"దీని పానం యాడుందిరా?" అన్నాడు బాపు.

పిల్లల ముందు నా తెలివి చూపించుకునే అవకాశం దొరికింది. మూత తెరిచి, లోపలున్న చిన్న గాజుబిళ్ల మీద వేలు పెట్టాను. "గిదే బాపూ, లెన్స్. డిస్క్‌ను చదివేది గిదే. గిది లేకుంటే మిషన్ ఉత్త డబ్బా."

నా మాట పూర్తయ్యేలోపే లెన్స్ నిండా తడి పసుపు, దాని మీద కుంకుమ. బాపు కళ్లు మూసుకుని దండం కూడా పెట్టాడు. నేను అరిచేసరికి కంగారుపడి, తువ్వాలతో గట్టిగా తుడిచాడు.

డిస్క్ పెట్టాం. గిర్రున తిరిగి ఆగిపోయింది. తెర మీద ఏమీ రాలేదు. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బాపు వాళ్లవైపు తిరిగి చేతులు జోడించాడు. నిక్కర్లు వేసుకున్న పిల్లలకు! "నవ్వకుండ్రి బిడ్డా. మావోనికి మిషన్ల సంగతి మస్తు తెలుసు. నేనే తెల్వక ఖరాబు జేసిన" అన్నాడు.

వేలు పెట్టి చూపించింది నేనని చెప్పకుండా టీవీ ఆపేశాను.

పిల్లలు వెళ్లిపోయాక బాపు కుర్చీలో కూర్చున్నాడు. తువ్వాలకు అంటిన పసుపును గోటితో గీకుతూ, నా ముఖం చూడకుండా అడిగాడు.

"దీని తర్వాతది ఎప్పుడొస్తదిరా? జల్దీ వస్తదా?"