నిమ్మకాయ తెంపిన పూట చేసిన తప్పు

నిర్మల్‌లోని స్కానింగ్ సెంటర్లో ఆ నిమ్మకాయను నా చేతులతోనే తెంపాను. చిత్రాలు పంపే కంప్యూటర్‌కు పచ్చిమిరపకాయలతో కలిపి దారం కట్టి వేలాడదీశారు. దాన్ని చూసి ఊరుకుంటే, ఇన్నేళ్లు మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకుని వాదించినదంతా దండగ అనిపించింది.

నేను పనిచేసేది కరీంనగర్‌లో, ఒక ఆసుపత్రిలో. అక్కడి కంప్యూటర్లు, నెట్ లైన్లు నా బాధ్యత. నిర్మల్‌లో తలకు దెబ్బ తగిలినవాళ్ల స్కాన్ చిత్రాలు మా న్యూరో డాక్టరుకు వస్తాయి. ఆయన చూసి, మనిషిని అక్కడే ఉంచవచ్చా, మూడు గంటల దారి దాటించి ఇక్కడికి తేవాలా అన్నది చెప్తారు. వాన పడితే ఆ చిత్రాలు నత్తనడక నడిచేవి. సెంటర్ మేనేజరు దిష్టి అన్నాడు. నేను కెర్నెల్ అన్నాను.

కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండి పనిచేసే ప్రోగ్రాం. పంపేదాన్ని ముక్కలు చేసి, ఎంత వేగంగా వదలాలో అదే నిర్ణయిస్తుంది. దారిలో ఒక ముక్క పోతే, ముందు రద్దీ ఉందనుకుని వేగం తగ్గిస్తుంది. తీగల మీద ఆ ఊహ చాలావరకు సరైనదే. కానీ నిర్మల్ లైను కొంతదూరం టవర్ల మధ్య గాలిలో వస్తుంది. అక్కడ వానకే ముక్కలు పోతాయి. దారి ఖాళీగా ఉన్నా కెర్నెల్ బ్రేకు తొక్కుతుంది, అద్దం మీద చినుకు పడగానే ముందు లారీలు ఆగాయనుకునే డ్రైవర్‌లా. ఏం పోయినా ఒకే కారణం చెప్పడాన్ని నేను మూఢనమ్మకమనే అంటాను, చెప్పేది కంప్యూటరైనా సరే.

అందుకే ‘క్యూబిక్’ అనే ఆ పద్ధతి తీసేసి ‘బీబీఆర్’ పెట్టాను. ఇది పోయిన ముక్కలను చూసి బెదరదు. దారి నిజంగా ఎంత మోయగలదో కొలుచుకుంటూ పోతుంది. మార్చడానికి ఒక్క కమాండ్ చాలు. అదే పూట నిమ్మకాయనూ తెంపాను. వానలోనూ చిత్రాలు కరీంనగర్‌కు పరుగెత్తాయి. అందరినీ పిలిచి, “చూసిండ్రా? నిమ్మకాయ పోయింది, స్పీడ్ వచ్చింది” అని ఎకసెక్కమాడాను.

స్కాన్లు తీసే అక్క మాత్రం నవ్వలేదు. ఆదివారం తప్పకుండా మిషన్ చర్చికి పోయే మనిషి. నిమ్మకాయ మీద ఆమెకూ నమ్మకం లేదు. ప్రతి స్కాను పోవడానికి ఎంతసేపు పట్టిందో ఒక నోటుబుక్కులో రాసుకునేది.

“గదెందుకక్కా? అంత కంప్యూటర్లనే ఉంటది” అన్నాను.

“ఉంటే ఉండనీ తమ్మీ. నా చేత్తోని రాస్తే నాకు యాదికుంటది.”

దసరా వెళ్లిన వారానికి ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం డాక్టరుగారు నా గదిలోకే వచ్చి నిలబడ్డారు. నిర్మల్ దగ్గర ఇంటి రేకులు సర్దుతూ ఒకతను జారిపడ్డాడు. మొదట మాట్లాడాడట, ఇప్పుడు మగతగా ఉన్నాడు. స్కాన్ పంపడం మొదలై ఇరవై నిమిషాలైనా సగం రాలేదు.

“ఫోన్ల ఫోటో పంపిండ్రు కదా సార్” అన్నాను.

“గా ఫోటోల తెల్లగ కనవడేది రక్తమో, లైటు మెరుపో ఎట్ల చెప్పాలె? తెలువకుంట మూడు గంటలు కుదిపి తెస్తే దారిలనే ఏమన్న అయితది. ఆడ్నే ఉంచుమంటే ఆడ్నే అయితది. నాకు అసలు చిత్రాలు కావాలె.”

అక్కకు ఫోన్ చేస్తే మేనేజరు అందుకున్నాడు. “సార్, మీరు చెప్పిందే నిజమైంది! దసరాకు కొత్త నిమ్మకాయ కట్టినం, గప్పటిసంది మల్ల స్లో. ఇప్పుడే తెంపి పారేసిన. అయినా పోతలేదు. ఇంకేం తీయాలె?”

ఒకేసారి రెండు మార్చి, ఒకదాన్ని చూపించి గొప్ప చెప్పుకున్నది నేను. అతను నా మాట నమ్మాడు, అంతే. నిన్నటిదాకా దిష్టి తీసిన నిమ్మకాయ, నా పుణ్యాన ఇవాళ దిష్టి తెచ్చేదైంది.

“ఫోన్ అక్కకియ్యి.”

వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. పడ్డవాడి భార్య. “ఏమంటున్నరక్కా? కరీంనగర్ కొంచవోవాల్నా?”

“జర ఆగు బిడ్డా, అడుగుతున్న” అంది అక్క.

“అక్కా, నీ బుక్కు తీయి. దసరా ముందట ఎంతసేపు వట్టింది?”

కాగితాలు తిప్పిన చప్పుడు. “ముందటి రోజు వాననే ఉండె... ఆరు నిమిషాలు. పూజ నాడు ఏం పంపలే. తెల్లారి వాన వడ్డది, నలభై. గప్పటిసంది వానొచ్చినప్పుడల్ల గట్లనే.”

“పూజకు కంప్యూటర్ బంద్ చేసిండ్రా?”

“చెయ్యరా మరి? అన్ని మిషన్లు బంద్ చేసి, తుడిచి, పసుపు కుంకుమ వెట్టి, మల్ల చాలు చేసిండ్రు.”

నేనిచ్చిన కమాండ్ కంప్యూటర్ ఆగేదాకానే నిలుస్తుంది. ఆపి మళ్లీ వేసినా ఉండాలంటే సెట్టింగుల ఫైలులో రాయాలి. నిమ్మకాయ మీద ఉపన్యాసమిచ్చే తొందరలో అది రాయలేదు. దసరాకు ఇక్కడ ప్రతి యంత్రాన్నీ ఆపి బొట్టు పెడతారని నాకు తెలియనిది కాదు. ఆ ఆచారాన్ని వెక్కిరిస్తూ వ్యాసం కూడా రాశాను.

ఇక్కడి నుంచే నిర్మల్ కంప్యూటర్‌లోకి వెళ్లాను. కొట్టిన ఒక్కో అక్షరం ఆలస్యంగా తెర మీదికొచ్చింది. అడిగితే ‘క్యూబిక్’ అనే చెప్పింది. మార్చాను. కానీ అప్పటికే పోతున్నదానికి పాత పద్ధతే నడుస్తుంది. కొత్తది కొత్తగా మొదలుపెట్టినదానికే.

“అక్కా, ఇప్పుడు పోయేదాన్ని తెంపి, మల్ల మొదట్నుంచి పంపాలె.”

“సగం దాటింది తమ్మీ. తెంపుమంటే తెంపుత. గని తెలిసి అంటున్నవా, నమ్మి అంటున్నవా?”

డాక్టరుగారు నా మొహమే చూస్తున్నారు. ఇన్నేళ్లుగా నేను ఎదుటివాళ్లను నిలదీసిన ప్రశ్న అది. నేను తప్పితే పోయేది నా వాదం కాదు. అక్కడ మగతలో పడి ఉన్న మనిషికి ఇంకో నలభై నిమిషాలు పోతాయి. ఊరుకున్నా ఇంకో పావుగంట పైనే.

“నీ బుక్కుల వాన నాడు ఆరు నిమిషాలని ఉన్నది గదక్కా. గది చూసి అంటున్న.”

“అయితే తెంపుతున్న.”

తెర మీద ఎంత శాతం వచ్చిందో చూపే అంకె సున్నాకు పడింది. కాసేపు కదలలేదు. డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత మూడు, తొమ్మిది, ఇరవై... ఏడో నిమిషానికి చివరి చిత్రం వచ్చింది.

ఆయన తెర మీదికి వంగారు. “రక్తం జమయితుంది. ఎమ్మటే బయలెల్లుమను.” అంటూనే ఆపరేషన్ గది వైపు పరుగెత్తారు.

అంబులెన్సు కదిలిందని అక్క చెప్పాక సెట్టింగుల ఫైలులో ‘బీబీఆర్’ అని రాశాను. “ఇప్పుడు బంద్ చేసి చాలు చెయ్యక్కా. పాత స్కాన్ ఒకటి పంపి చూద్దాం. ఆగు, గా నిమ్మకాయ మల్ల కట్టుమను.”

మేనేజరు ఫోన్లోకొచ్చాడు. “సార్, మీరేనా కట్టుమనేది?”

“నేనే. ఈసారి ఒక్కటే మారాలె.”

రేకుల మీంచి పడ్డతను చీకటి పడేవేళకు మా గేటు దాటి లోపలికి వచ్చాడు. కొన్నాళ్లకు కుట్లు విప్పించుకుని, భార్య భుజం పట్టుకుని నడిచి ఆటో ఎక్కాడు. ఆ తర్వాత నిర్మల్ వెళ్లినప్పుడు అక్క నోటుబుక్కు అడిగి తీసుకుని ఆ రోజు పేజీ చూశాను. చివరి వరుస ఇలా ఉంది: “బంద్ చేసి చాలు చేసినంక. ముసురు. నిమ్మకాయ ఉన్నది. ఏడు నిమిషాలు.”