ఇల్లు దాటిపోయిన రోజు

కొత్త టెన్నిస్ బంతుల డబ్బా తెరిచినప్పుడు వచ్చే రబ్బరు వాసనకి ఇప్పటికీ నాన్నే గుర్తొస్తారు. నాన్న ఒకప్పుడు ప్రొఫెషనల్ ఆటగాడు. గెలిచినా ఓడినా ఆ తరం వాళ్ల ముఖం మారేది కాదు. అదే ఆటలోకి వెళ్లిన అక్క మాత్రం షాట్ షాట్‌కీ అరిచేది, ఓడితే రాకెట్ విసిరేసేది.

నా చిన్నప్పుడు విజయవాడలో ఒక మ్యాచ్‌లో అక్క మోకాలు మెలిపడింది. ఇకెప్పటికీ ఆడటం కుదరదని డాక్టరుగారు చెప్పగానే అక్క ఘొల్లుమంది.

"పదమ్మా, ఇంటికెళ్దాం" అన్నారు నాన్న, అంతే.

"మీకసలు బాధే లేదా నాన్నా?" అని అరిచింది అక్క.

నాన్న మమ్మల్ని కారెక్కించుకుని బయల్దేరారు. పటమటలో మా ఇంటి సందు దాటిపోయింది. కిటికీలోంచి కాలవగాలి, వరిచేల వాసన. షికారుకి తీసుకెళ్తున్నారనుకుని నేను చప్పట్లు కొట్టాను. వెనక సీట్లో అక్క ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఊరు దాటి అంత దూరాన కంకిపాడులో బస్సు హారన్‌కి నాన్న ఉలిక్కిపడి కారు ఆపారు.

"ఏమ్మా, ఇల్లు దాటి వచ్చేశామా?"

"ఎప్పుడో దాటేశాం నాన్నా!" అన్నాను నవ్వుతూ.

ఏడుపు బయటపెట్టడం నేర్పని తరంలో పెరిగిన మనిషికి, తెలిసిన దారి మరిచిపోవడమే ఏడుపని పెద్దయ్యాక అర్థమైంది. నాన్న పోయాక ఆ రోజు సంగతి అక్కకి చెప్పాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"నాకు మాత్రం అప్పుడు తెలుసా అక్కా?"