పెళ్లికొడుకు లేని పెళ్లి ఫోటోలు

మా చిన్నాన్న కొడుకు గంగన్నకూ నాకూ చేని గట్టు దగ్గర తగాదా ఉంది. అయినా పోయిన నెల జమ్మలమడుగులో వాడి కొడుకు పెళ్లికి పోయి అక్షింతలు వేసి వచ్చాను. ప్రొద్దుటూరు స్టూడియోవాళ్లు ఈ రోజు ఆ ఫోటోలు వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టారు. ఫోటోలో ఎవరెవరుంటే ఆ ఫైలుకు వాళ్ల పేర్లు పెడతారు. నా పేరు కొట్టి వెతికితే ఒక్కటీ రాలేదు. స్టూడియోకు ఫోన్ చేశాను.

“మీ తమ్ముడే చెప్పినాడు మామా, ఓబులేసు అని పేరుండేటివన్నీ కనపడకుండా చేయమని” అన్నాడు కంప్యూటర్ దగ్గరి మనిషి.

ఓబులేసు మా తాత పేరు. నాకూ అదే పెట్టారు, గంగన్న కొడుక్కూ అదే పెట్టారు. మళ్లీ గ్యాలరీ చూశాను. పెళ్లికూతురు ఉంది, వంటవాళ్లు ఉన్నారు, పెళ్లికొడుకు ఒక్క ఫోటోలోనూ లేడు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. లింకు మాత్రం పులివెందులలో ఉన్న పెళ్లికూతురి తండ్రికి పంపాను.

సాయంత్రం గంగన్న ఫోన్ చేశాడు.

“ఏందన్నా ఇట్ల చేస్తివి? ‘మా పాపను ఎవురికిచ్చి చేసినామప్పా’ అని మా వియ్యంకుడు నా మీదికి లేస్తాండాడు!”

“నేనేం చేసినా అబ్బీ? పేరు తీయమనింది నువ్వే కదా.”

“ఇప్పుడేం చేయాలన్నా?”

“నన్ను కూడా పెట్టించు. లేకుంటే నీ కొడుకు పేరు మార్చుకో.”

కాసేపటికే ఫోటోలన్నీ వచ్చాయి, నావి కూడా. పెళ్లికొడుకు లేని గ్యాలరీని మాత్రం ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. బంధువుల గ్రూపులో పెట్టమంటారా, వద్దంటారా?