బాషా అన్న పేజీలో ‘ఇఫ్’ ఉండేది కాదు

గురువారం. పొద్దున ఏడుంబావు.

ధర్మవరం నుంచి రామాంజి మామ ఫోన్. మగ్గం నేస్తాడు.

“పాపా, మీ బాషా సార్ ఈ పొద్దు ఫోన్ చేయలేదే? నా మెరూన్ చీర నిన్న సాయంత్రమే పోయింది. పేజీలో ఇంకా అట్నే ఉండాది. బెంగళూరోళ్ళు ఒకటే ఫోన్లు.”

బాషా అన్న ఫోన్ చేయకపోవడమా?

అన్న నంబర్‌కి చేశాను. వదిన ఎత్తింది.

“మీ అన్న లేడు పాపా. నిన్న మధ్యాహ్నం పోయినాడు.”

గుండెపోటు. పెనుకొండలో, ఇంట్లోనే. సాయంత్రానికి ఖననం కూడా అయిపోయిందట. నా నంబర్ అన్న ఫోన్‌లోనే ఉంది, దాని లాక్ తీయడం వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు.

ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తెలియలేదు. పేజీ తెరిచాను. మెరూన్ చీర అట్లాగే ఉంది.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను.

మహబూబ్ బాషా. హిందూపురంలో చిన్న షాపు పెట్టుకుని వెబ్ పేజీలు చేసేవాడు. ఏడాదిగా రోజూ కాలేజీ అయిపోయాక నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను.

ధర్మవరంలో ఇరవై రెండు చేనేత ఇళ్ళకి కలిపి ఆయన ఒక పేజీ నడిపేవాడు. రోజూ పొద్దున ఏడుకి ఇంటింటికీ ఫోన్. ఏ చీర ఉంది, ఏది పోయింది? అంతా ఒక ఫైల్లో రాసేవాడు. ఆ ఫైల్ నుంచి పేజీ తయారయ్యేది.

దానికి ఆయన వాడింది లాజిక్ లేని టెంప్లేట్.

అంటే, ఖాళీలు మాత్రమే ఉన్న పేజీ. పక్కకి తిప్పిన మీసాల్లాంటి బ్రాకెట్లు, వాటి మధ్య ‘పేరు’, ‘ఫోటో’, ‘వీధి’. ఫైల్లో ఉన్నది వచ్చి ఆ ఖాళీల్లో కూర్చుంటుంది. అంతే. పేజీ లెక్కలు చేయదు, నిర్ణయాలు తీసుకోదు.

నాకు మొదట్లో చిరాకు. “ఒక ఇఫ్ పెడితే అయిపోతుంది కదన్నా” అనేదాన్ని. ఇఫ్ అంటే ‘ఇలా అయితే ఇది చూపించు’ అనే షరతు.

“పెండ్లి పత్రికలో ‘పెండ్లికొడుకు ఒప్పుకుంటే’ అని అచ్చేస్తారా పాపా? ఆ పంచాయితీ అంతా పత్రిక వేసే ముందే తేల్చుకోవాల.”

ఒకసారి టెంప్లేట్ నన్నే రాయమన్నాడు.

చీర ఫోటో పెట్టాను. దాని కిందే నేసినవాళ్ళ పేరు, ఫోన్ నంబర్. అన్నీ ‘చీరలు’ అనే ఒకే భాగంలో. ఈ టెంప్లేట్‌లో ఒక ఇంటి చీరల లిస్టు ఖాళీ అయితే ఆ భాగం మొత్తం మాయమవుతుంది. ఖాళీ అయినప్పుడు ఏం చూపించాలో వేరే భాగం రాయాలి.

నేను రాయలేదు.

నారాయణమ్మ అవ్వవి రెండు చీరలూ ఒకే రోజు అమ్ముడుపోయాయి. మరుసటి రోజు పేజీలో చీరలతో పాటు అవ్వ పేరూ లేదు, నంబరూ లేదు.

వీధిలో మాట పుట్టింది. పవర్‌లూమ్ చీరని చేనేత అని చెప్పి అమ్మిందంట, అందుకే పేరు తీసేసినారంట.

పెళ్ళయినప్పటి నుంచీ చేత్తో నేస్తున్న మనిషి. మూడు రోజులు గడప దాటలేదు.

అన్న నన్ను తిట్టలేదు. “రేపు ప్యాసింజర్ ఎక్కు” అన్నాడు. నేను హిందూపురంలో ఎక్కాను, ఆయన పెనుకొండలో ఎక్కాడు. ఉడకబెట్టిన శెనక్కాయలు సగం నా చేతిలో పోశాడు.

అవ్వ ఇంటి ముందు నిలబెట్టి, వీధంతా వినేట్టు చెప్పమన్నాడు.

చెప్పాను. అవ్వ పేరు ఎవరూ తీసేయలేదు, నేను పేజీ తప్పుగా రాశాను అని.

“కంప్యూటర్ చదివే పిల్లకే తెలీకుంటే మాకేం తెలుస్తాదప్పా” అన్నాడు ఎదురింటాయన.

“నువ్వు నోరు మూసుకోబ్బా. మూడు దినాలుగా ఊరంతా చెప్పింది నువ్వే గదా” అంది అవ్వ.

తర్వాత నా వైపు తిరిగింది.

“చీరలు అయిపోతే నేనూ అయిపోయినట్లేనా పాపా?”



అన్న అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి నా ముందుకి జరిపాడు. “ఏమీ లేనప్పుడు ఏం చెప్పాల్నో, అది రాయి.”

“ప్రస్తుతం చీరలు అందుబాటులో లేవు” అని రాసి చదివి వినిపించాను. అవ్వ ఒప్పుకోలేదు.

“నా పేరు కింద ‘లేవు’ అని పెట్టొద్దు. మగ్గం ఆగలేదు గదా.”

నాలుగుసార్లు మార్చాను. చివరికి మిగిలింది ఇది:

మగ్గం మీద చీర నడుస్తాంది. ఫోన్ చేయండి.

మాటల మీద నాకు ప్రేమ పుట్టింది ఆ అరుగు మీదే.

ఈరోజు పెనుకొండ వెళ్ళాను. అన్న ఫోన్ మోగుతూనే ఉంది. “ఎవరెవరో చీరలు అడుగుతాండారు పాపా, ఏం చెప్పల్ల?” అంది వదిన.

అన్న ల్యాప్‌టాప్‌లో ఫైల్ తెరిచి చూశాను. నిన్న పొద్దున ఇరవై రెండు ఇళ్ళూ నింపి సేవ్ చేశాడు. ఒక్క ఖాళీ వదల్లేదు.

మనిషి పోయాడని టెంప్లేట్‌కి తెలియదు. ఫైల్లో ఏముంటే అదే చూపిస్తుంది. ఎవరూ నింపకపోతే నిన్నటి పేజీయే రేపూ, ఎల్లుండీ. అమ్ముడుపోయిన చీరలు ఉన్నట్టు కనబడితే, ఈసారి ఇరవై రెండు ఇళ్ళ మాట పోతుంది.

ఇకపై నేను నింపొచ్చా అని వదినని అడిగాను.

“ఆ పేజీలో ఆయన పేరు యాడన్నా ఉండాదా?” అంది.

“లేదు వదినా. ఎక్కడా పెట్టుకోలేదు.”

“పెట్టుకోడులే ఆయప్ప.” ల్యాప్‌టాప్ నా వైపు జరిపింది. “నింపు.”

అన్నా, సెలవు. నీ నిద్ర చల్లగా ఉండాలి.

ధర్మవరం వాళ్ళు ఇది చదివితే మీ ఇంట్లో చెప్పండి. రేపు పొద్దున ఏడుకి కొత్త నంబర్ నుంచి ఫోన్ వస్తుంది. అది నేనే. ఎత్తండి.