పదకొండు సెకన్ల చప్పట్ల జాగా

2025 జూలై 7, సోమవారం, ఉదయం పదిన్నరకి ఫిల్మ్ నగర్‌లో ఒక ఈవెంట్ కంపెనీ ఆఫీసులో నాకు కొత్త ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి నాకు డెబ్బై మూడేళ్లు. రిటైరై పదమూడేళ్లు. ఉద్యోగం పేరు "హెరిటేజ్ టైమింగ్ కన్సల్టెంట్". మద్రాసులో ఇదే పని చేసినప్పుడు నన్ను "గడియారం అమ్మాయి" అనేవారు. పేరు పొడవైంది, పని మాత్రం అదే.

ఆ పని ఏమిటో చెప్పాలి. సినిమాకి నేపథ్య సంగీతం కట్టేటప్పుడు సంగీత దర్శకుడి పక్కన ఒక మనిషి స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటుంది. ఏ రీలులో ఎక్కడ సంగీతం మొదలవ్వాలి, ఎన్ని సెకన్లు నడవాలి, ఏ మాటకి ముందు ఆగాలి అన్నది కొలిచి పట్టిక రాస్తుంది. దాన్ని క్యూ షీట్ అంటారు. సంగీత దర్శకుడు తప్పు చేస్తే దాన్ని ప్రయోగం అనేవారు. గడియారం అమ్మాయి తప్పు చేస్తే ముప్పై మంది వాద్యకారులు మళ్లీ మొదటినుంచి వాయించాలి. బందరులో మా చర్చి క్వాయర్‌లో స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, నేర్చుకున్నాను కాబట్టి ఈ పని దొరికింది. ముప్పై ఎనిమిదేళ్లు చేశాను.

కంపెనీ వారు తలపెట్టింది ఒక పాత సంగీత చిత్రాన్ని వేదిక మీద మళ్లీ ప్రదర్శించడం. సినిమా పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది చదవడం ఆపి పాడటం మొదలుపెడతారు. పద్ధతి ఇది: తెర మీద సినిమా నడుస్తుంది. దానిలోని మాటలను, పాడిన గొంతులను అలాగే ఉంచి, సంగీతాన్ని ఏదో సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తారు. తీసేసిన సంగీతాన్ని తెర కింద కూర్చున్న నలభై రెండు మంది అప్పటికప్పుడు వాయిస్తారు. వాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్, అందులో టిక్ టిక్ మని ఒక లెక్క. ఆ లెక్క తెరతో ముడిపడి ఉంటుంది. మనుషులు తెర కోసం ఆగాలి కానీ తెర మనుషుల కోసం ఆగదు.

ఆ సినిమాకి క్యూ షీట్ రాసింది నేనే. అది నా రెండో సినిమా. నోటుబుక్కు మధురానగర్‌లో మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. కంపెనీ క్రియేటివ్ డైరెక్టర్ కార్తీక్ దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, ఫోటో తీయించుకుని, చదవకుండా పక్కన పెట్టాడు.

కథంతా ఏడో పాట తరువాత వచ్చే పదకొండు సెకన్ల దగ్గర జరిగింది. సినిమాలో తండ్రి సంగీతం మాస్టారు. ఇల్లు వదిలి వెళ్లిన కూతురితో సినిమా అంతా మాట్లాడడు. ఏడో పాట ఆమె కచేరీలో పాడుతుంది. జనంలో ఆయన కూర్చుని ఉంటాడు. పాట అయ్యాక కళ్లజోడు తీస్తాడు, తుడుస్తాడు, పెట్టుకుంటాడు. తరువాత ఒకే మాట అంటాడు: "అన్నం తిన్నావా?" సినిమా ఆ మాట మీదే నిలబడింది.

కళ్లజోడు తుడవడానికి పదకొండు సెకన్లు ఎందుకంటే, ఆ రోజుల్లో పాట అయ్యాక హాల్లో చప్పట్లు, ఈలలు ఉండేవి. ఆ గోలలో మాట మునిగిపోకుండా పాటకీ మాటకీ మధ్య కొంత నిడివి వదిలేవాళ్లం. దాన్ని చప్పట్ల జాగా అనేవాళ్లం. ఆ జాగాని నిశ్శబ్దంగా వదలకూడదు. ఏదైనా ఊళ్లో జనం చప్పట్లు కొట్టకపోతే, సౌండు పోయిందనుకుని ఆపరేటర్ని తిడతారు. అందుకని సన్నగా ఒక వాద్యం ఉంచేవాళ్లం. ఈ సినిమాలో అది క్లారినెట్. వాయించినవాడు ప్రకాశం. సంగీత దర్శకుడు అతనికి చెప్పిన మాట నా ఎదుటే చెప్పారు. "నువ్వు వినపడక్కర్లేదు. కానీ ఆగకూడదు."

ప్రకాశం నలభై ఏళ్లలో వందల సినిమాలకి వాయించాడు, అన్నీ గుంపులోనే. ఒంటరిగా వాయించింది ఈ పదకొండు సెకన్లే. అతని భార్య రత్నమ్మ ఆ సినిమాని గుడివాడలో నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ చప్పట్లే విన్నది. టీవీలో వస్తే ఆ చోట ప్రకటనలు వేస్తారు. ఫోన్లలో దొరికేది పాట వరకే. అందుచేత, తన మొగుడు ఆ సినిమాలో సోలో వాయించాడన్నది యాభై ఒక్క ఏళ్లుగా వాళ్లింట్లో రుజువు కాని విషయం.

డెబ్బై ఎనిమిదేళ్ల ప్రకాశాన్ని కంపెనీ వారు ఆ పదకొండు సెకన్ల కోసం పిలిచారు. అతను మూడు వారాలు రోజూ చర్చికి వెళ్లి సాధన చేశాడు. రిహార్సల్‌కి అతన్ని దిగబెట్టడానికి రత్నమ్మ గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, "వదినా, ఈసారైనా వినబడుతుందంటావా, లేకపోతే ఈయన ఉత్తినే బుగ్గలు పూరిస్తున్నాడా?" అంది.

"శనివారం నాలుగింటికి రా. చెవులు తెచ్చుకో," అన్నాడు ప్రకాశం.

ప్రదర్శనలు మూడు. శుక్రవారం జూబ్లీ హిల్స్‌లోని కన్వెన్షన్ హాల్లో ఆహ్వానితులకి. శని, ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి టికెట్ కొన్నవారికి. నాకు ఇంకో పని కూడా అప్పగించారు: హాల్లో కూర్చుని, జనం ఎక్కడ చప్పట్లు కొట్టారు, ఎన్ని సెకన్లు కొట్టారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఏడ్చారు అన్నది స్టాప్‌వాచ్‌తో కొలిచి పట్టిక ఇవ్వాలి. దానికి "ఆడియన్స్ డేటా" అని పేరు పెట్టారు.

ఆగస్టు 1, శుక్రవారం నాటి పట్టిక నా దగ్గర ఉంది. ఆరున్నరకి మొదలవ్వాల్సిన ఆట ఏడుంపావుకి మొదలైంది, ఎందుకంటే ముందు వరుస వారు తమను తాము ఆహ్వానించుకోవడానికి కొంత సమయం పట్టింది. మొదటి పాటకి చప్పట్లు రెండు సెకన్లు. మూడో పాటకి ఒక పెద్దమనిషి తల ఊపారు. నాలుగో పాట అయిపోయినా ఊపుతూనే ఉన్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే నిద్ర. ఐదో పాటకి కళ్లు తుడుచుకున్నవారు ఎనిమిది మంది. అందులో ఐదుగురు ముందు ఫోన్ తమవైపు తిప్పుకుని, తరువాత తుడుచుకున్నారు. ఏడో పాటకి దాదాపు అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. చేతిలో ఫోనుంటే చప్పట్లు కుదరవు. చప్పట్లు: సున్నా సెకన్లు.

ఆ నిశ్శబ్దంలో ప్రకాశం పదకొండు సెకన్లూ వాయించాడు. ఒక్క స్వరం జారలేదు. రెండో వరుసలో ఒకావిడ ఫోన్‌లో, "లేదండీ, ఏం లేదు, ఇప్పుడేం జరగట్లేదు, చెప్పండి" అంది. వాద్యకారుల ఇళ్లవాళ్లకి ఆ రోజు పాసులు ఇవ్వలేదు కాబట్టి రత్నమ్మ అక్కడ లేదు.

శనివారం ఉదయం మీటింగ్ పెట్టారు. కార్తీక్ నా పట్టిక తెర మీద వేశాడు. "చూడండి మేడమ్, సెవెన్త్ సాంగ్ తరువాత జీరో. లెవెన్ సెకండ్స్ ల్యాగ్. ఆడియన్స్ డిస్కనెక్ట్ అయిపోతున్నారు. టూ సెకండ్స్‌కి ట్రిమ్ చేద్దాం."

చప్పట్ల జాగా ఎందుకో నేను చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, అవన్నీ ఆ రోజులండీ. ఇప్పుడు ఎవరు చప్పట్లు కొడుతున్నారు? మీ డేటానే కదా చెప్తోంది?"

అంకె నాది. కింద సంతకం నాది. సౌండ్ ఇంజనీర్ యాదగిరి ఒక్కడు, "సార్, పెద్దమ్మ చెప్పేది జర ఇనున్రి" అన్నాడు. అతని మాట ఎవరూ వినలేదు. సౌండ్ మనిషి మాట వినకపోవడం మా రంగంలో పాత ఆచారం.

అలా తొమ్మిది సెకన్లు తీసేశారు. కళ్లజోడు తీయడం ఉంది, తుడవడం లేదు. రెండు సెకన్లలో క్లారినెట్ ఊపిరి తీసుకోవడమే సరిపోతుంది కాబట్టి దాన్నీ తీసేశారు. మధ్యాహ్నం ప్రకాశం నా దగ్గరికి వచ్చాడు.

"సుగుణమ్మా, నన్ను కుర్చీలో మాత్రం ఉంచుతారట. ఫోటోలో నిండుగా ఉంటుందట."

"రత్నమ్మకి చెప్పావా?"

"చర్చి వాళ్లని పద్నాలుగు మందిని వెంటేసుకుని బయల్దేరింది. ఆటోల్లో ఉంది. ఏం చెప్పను?"

ఆ సున్నా వేసింది నేనే.

శనివారం జనం వేరు. యూసుఫ్‌గూడ, టోలిచౌకి, ఇంకా ఎక్కడెక్కడినుంచో వచ్చారు. బాల్కనీ నిండింది. మొదటి పాట పల్లవికే ఈల. చప్పట్లు తొమ్మిది సెకన్లు. మూడో పాటకి పన్నెండు. వీళ్ల దగ్గర కూడా ఫోన్లున్నాయి, జేబుల్లో. నేను కొలుస్తూ ఏడో పాట కోసం భయపడ్డాను. పాట అయింది. హాలు లేచింది. తెర మీద తండ్రి కళ్లజోడు తీసి, తుడవకుండానే పెట్టుకుని, నోరు ఆడించాడు. ఏమన్నాడో దేవుడికి తెలియాలి.

చప్పట్లు తగ్గగానే బాల్కనీలోంచి కేక. "ఏమన్నడు? ఇనవడలే!" ఇంకొకడు, "వన్స్ మోర్! మళ్లొకసారి ఎయ్ భాయ్!" ఇక అన్ని వైపులా వన్స్ మోర్. పాత హాల్లో అయితే ఆపరేటర్ రీలు వెనక్కి తిప్పేవాడు. ఇక్కడ కంప్యూటర్లు నాలుగు. ఒకటి ఆపితే నాలుగూ మొదటినుంచి లెక్క కలుపుకోవాలి. కార్తీక్ ఆపవద్దని చేతులు ఊపాడు. జనం తమకి చేతులు ఊపుతున్నాడనుకుని ఇంకా గట్టిగా అరిచారు. చివరికి యాదగిరి ఆపేశాడు.

లెక్కలు కలవడానికి ఆరు నిమిషాల పది సెకన్లు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ జనం ఏడో పాటను తామే పాడుకున్నారు, బాల్కనీ ఒక వేగంలో, కింద కుర్చీలు ఇంకో వేగంలో. కండక్టర్‌గారు వాద్యబృందాన్ని నడిపే బెత్తం పట్టుకుని, ఏ గుంపుని నడపాలో తెలియక నిలబడ్డారు. తరువాత ఏడో పాట మళ్లీ వేశారు. మళ్లీ చప్పట్లు. మళ్లీ మాట మునిగింది. కారణాన్ని ముట్టుకోకుండా రెండోసారి చేస్తే ఫలితం మారుతుందని ఆశించడానికి చాలా జీతం తీసుకునే మనిషి కావాలి. ఈసారి బాల్కనీ ఎవరికోసమూ ఆగలేదు. ఎప్పటినుంచో తెలిసిన మాటే కాబట్టి, అందరూ కలిసి వాళ్లే అనేశారు: "అన్నం తిన్నావా?"

బయటికి వచ్చేటప్పుడు రత్నమ్మ పద్నాలుగు మంది ముందు మొగుణ్ని అడిగింది. "ఏమయ్యా, ఎక్కడ నీ ముక్క? ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు, జోకొడుతున్నావా దాన్ని?" అందరూ నవ్వారు. ప్రకాశం కూడా నవ్వాడు. క్లారినెట్ పెట్టె గొళ్లెం వేయడానికి మాత్రం మూడుసార్లు ప్రయత్నించాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, ఒంటిగంటకి మళ్లీ మీటింగ్. ఏడో పాట తరువాత చప్పట్లు కొట్టవద్దని తెర మీద ఒక స్లైడ్ వేద్దామని కార్తీక్ ప్రతిపాదించాడు. ప్రేక్షకుల స్పందన కోసం పెట్టిన కార్యక్రమంలో ప్రేక్షకులు స్పందించకుండా చూడటం ఎలా అన్న విషయం మీద ఇరవై ఐదు నిమిషాలు చర్చ జరిగింది. నేను శుక్రవారం పట్టిక వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. అంకె సరైనదే కానీ అది ఈ ఆటకి వర్తించదని, అది పాసుల మీద వచ్చినవారి దగ్గర కొలిచిందని, ఆ సంగతి పట్టికలో రాయకపోవడం నా తప్పని చెప్పాను. శనివారం పట్టిక ముందు పెట్టాను: ఏడో పాటకి చప్పట్లు, మొదటిసారి పది సెకన్లు, రెండోసారి పదకొండు.

కార్తీక్ ఆ పదకొండునీ, నా పాత నోటుబుక్కులోని పదకొండునీ పక్కపక్కన చూశాడు. నోటుబుక్కు చదవడం అదే మొదటిసారి.

"ఫిఫ్టీ ఇయర్స్ కిందట మీకెలా తెలుసు మేడమ్?"

"అంతకుముందు వచ్చిన సినిమాలకి హాల్లో కూర్చుని కొలిచాం బాబూ. టికెట్ కొనుక్కుని."

"గందుకే గా పదకొండు సెకన్లు గట్లనే పెట్టున్రి సార్," అన్నాడు యాదగిరి. శనివారం ఆట ఆపేసింది తనే కాబట్టి, ఆ రోజు అతని మాట కూడా విన్నారు.

ఆదివారం సాయంత్రం ఏడో పాట అయింది. హాలు లేచింది. తెర మీద తండ్రి కళ్లజోడు తీశాడు, తుడిచాడు. వేదిక మీద ప్రకాశం క్లారినెట్ ఎత్తాడు. అతని వేళ్లు కదలడం నేను చూశాను, పదకొండు సెకన్లూ. అతని చెవిలో టిక్ టిక్ తప్ప అతనికి కూడా ఏమీ వినిపించి ఉండదు. పదో సెకను దాటగానే చప్పట్లు తగ్గాయి. ఒక్క సెకను క్లారినెట్, చివరి స్వరం, హాలంతా వినిపించింది. తండ్రి కళ్లజోడు పెట్టుకున్నాడు. "అన్నం తిన్నావా?" బాల్కనీ చివరి వరుసలో ఎవరో ముక్కు చీదిన శబ్దం కూడా వినపడింది.

రత్నమ్మ ఆ రోజు ఒక్కతే వచ్చింది. అయ్యాక వేదిక వెనక్కి వచ్చింది.

"చివర్లో కూ అన్నది నువ్వేనా?"

"నేనే."

"యాభై ఏళ్లు చెప్పింది దీని గురించేనా?"

"దాని ముందు పది సెకన్లు ఉంది."

ఆమె నావైపు తిరిగింది. నేను నోటుబుక్కు తెరిచి చూపించాను. ఏడో పాట తరువాత, క్లారినెట్ ఒక్కటే, ప్రకాశం, పదకొండు సెకన్లు. ఆమె వేలు పెట్టి చదివింది, తేదీతో సహా. "సరే, రాసుంది కాబట్టి నమ్ముతున్నా," అని పెట్టె తనే అందుకుంది. గొళ్లెం ఒక్కసారికే పడింది.

ఈ వ్యవహారంలో నా అంకె తప్పు కాదు, కొలిచిన చోటు తప్పు. ఉచితంగా వచ్చినవారి మౌనాన్ని ప్రేక్షకుల అభిప్రాయంగా రాసిచ్చాను. దానివల్ల ఒక వాద్యకారుడికి ఒక ఆట, ఒక హాలు జనానికి ఒక మాట పోయాయి. నా స్పందన పట్టికలో అప్పటివరకు నాలుగు గళ్లు ఉండేవి: చోటు, సమయం, స్పందన, సెకన్లు. ఇప్పుడు ఐదు. ఐదో గడి "ఎవరు". దాన్ని మొదట నింపి, మిగతావి తరువాత నింపుతున్నాను.