రెండో చప్పుడు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున కటింగ్ షాపు గడప మీద కూర్చుని నాయిన మెడ చప్పుళ్లు లెక్కపెట్టడం నా పని.

నాయిన కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ. వారమంతా మామిడి పెట్టెలు నెత్తిన మోసి మోసి మెడ కొయ్యబారిపోయేది. మాది నల్గొండ దిక్కు పల్లె. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. కటింగ్ షాపు నడిపే మల్లేశం మామదీ మా ఊరే. కటింగ్ అయ్యాక కొబ్బరినూనె పోసి, రెండు చేతులతో దడదడమని తలకు మాలిష్ చేసేవాడు. ఆఖర్న ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి నెత్తిన పెట్టి మెడ విరిచేవాడు. కుడికి ఒక చప్పుడు... ఎడమకు ఒక చప్పుడు. నేను రెండు వేళ్లు మడిస్తేనే మాలిష్ పూర్తయినట్టు.

మాలిష్ తర్వాత నాయినకు కొంచెం తలనొప్పి వచ్చేది. అదేం కొత్త కాదు. అమ్మ రెండు చెంబుల నీళ్లు తాగించి, వేడినీళ్లలో పిండిన తువ్వాల మెడ కింద పెట్టి, కిటికీకి చీర అడ్డం కట్టి పడుకోబెట్టేది. అన్నం వేళకల్లా లేచి కూర్చుని "కూర ఏందే?" అనేవాడు. అంటే నొప్పి పోయిందన్నమాట.

నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలంలో ఒక ఆదివారం... ఒక్క చప్పుడే వచ్చింది.

కుడికి విరిచినప్పుడు ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది. నాయిన "అబ్బా" అని మామ చెయ్యి పట్టేసుకున్నాడు.

"జర ఆగు మల్లేశం... ఎడమ దిక్కు మల్ల సూద్దాం తియ్."

నేను ఒక్క వేలే మడిచి లేచాను.

గల్లీలో నడుస్తుంటే నాయిన ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. ఆయన ఆగలేదు. కాలుతున్న సిమెంటు మీద వట్టి కాలితో అలాగే నడిచిపోతున్నాడు. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చెప్పు పట్టుకుని వెనకాలే పరుగెత్తి "నాయినా, కాలు కాలుతలేదా?" అన్నాను. ఆయన కిందికి చూసుకుని తనూ నవ్వాడు... నోటికి ఒక పక్కనే.

ఇంటికొచ్చాక ఈ మాట అమ్మకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద మాట అనుకోలేదు.

అమ్మ ఎప్పటిలాగే నీళ్లిచ్చింది, తువ్వాల పెట్టింది, చీర కట్టింది. అన్నం వేళయింది. నాయిన లేవలేదు. మెడ వెనక పొడుస్తోందన్నాడు, ఇల్లు గిరగిరా తిరుగుతోందన్నాడు. అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది. తలకు గుడ్డ బిగించి కట్టింది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నాకు భయం వేసింది... దేనికో తెలియదు.

అప్పుడు నాయినే అన్నాడు, మాట ముద్దముద్దగా.

"ఒక్క దిక్కే ఇర్సిండు గదా... గందుకే పట్టేసింది. మల్లేశాన్ని పిలువుండ్రి. రెండో దిక్కు గూడ ఇరిస్తే సాఫ్ అయితది."

మాకది సబబుగానే తోచింది. ఒక చప్పుడు మిగిలిపోయింది మరి! నేనే పరుగెత్తి మామను పిలుచుకొచ్చాను.

మామ చేతులు కడుక్కుని, నాయినను గది మధ్యలో పీట మీద కూర్చోబెట్టి వెనక నిలబడ్డాడు. ఒక చెయ్యి గడ్డం కింద... ఒక చెయ్యి నెత్తిన. నేను అలవాటుగా రెండో వేలు మడవడానికి సిద్ధంగా ఉన్నాను.

పక్క పోర్షన్‌లో ఉండే సత్యవతి ఆంటీ, వాళ్లది గుంటూరు వైపు, వడియాల చాప ఎత్తుకుని పోతూ మా గుమ్మంలో ఆగింది.

"ఏమైందండీ అన్నయ్యగారికి?... అయ్యో ఆగండి, ఆగండి! ఆయన మూతి చూడండి, ఎలా పక్కకి లాగేసిందో! మా మావగారికి పక్షవాతం వచ్చినప్పుడు అచ్చం ఇలాగే ఉంది. ముందు ఆ మెడ వదిలెయ్యండి!"

మామ చేతులు తీసేశాడు.

"పొద్దుగాల చెప్పు గూడ ఊడిపోయింది... నాయినకు తెల్వలే" అన్నాను నేను. అమ్మ నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఆటోలో మలక్‌పేట వైపు దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ అమ్మను పక్కకు పిలిచి చెప్పింది... "మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళం చీలిందమ్మా. ఇంకోసారి విరిచి ఉంటే మనిషి దక్కేవాడు కాదు."

నాయిన దక్కాడు. ఎడమ కాలు మాత్రం సగమే దక్కింది. మళ్లీ పెట్టె మోయలేదు. మల్లేశం మామ ఆ తర్వాత ఎవరి మెడా విరవలేదు. ఎవరైనా అడిగితే "నాతోని కాదు బిడ్డా" అని తువ్వాల దులిపేవాడు.

ఇప్పుడు ఆ పండ్ల మార్కెట్ అక్కడ లేదు, మామ షాపూ లేదు. ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా అద్దాల తలుపుల మసాజ్ సెంటర్లే. మొన్న నేనూ ఒకదానికి వెళ్లాను. ఆ అమ్మాయి భుజాలు చక్కగా పిసికి, నా గడ్డం కింద చెయ్యి పెట్టి "మెడ గూడ ఇర్వాల్నా మేడం?" అంది. ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను... గోళ్లు గుచ్చుకున్నాయేమో పాపం.

ఇంటికొచ్చాక తలనొప్పి. నీళ్లు తాగి, మెడ కింద వేడి తువ్వాల పెట్టుకుని, కిటికీ మూసి, అన్నం వేళ ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ పడుకున్నాను. పోయింది. అది పోయే తలనొప్పి. పోనిది వేరే ఉంటుంది... మెడ వెనక పొడిచేది, మాట ముద్దయ్యేది, చెప్పు జారినా తెలియనిది. దానికి శొంఠీ, కాపడమూ పనిచేయవు, ఆటో పిలవాల్సిందే.

మీ ఇళ్లలోనూ ఆదివారం మాలిష్‌లు ఉండేవా? ఆ చప్పుళ్లు మీరూ లెక్కపెట్టేవారా? చెప్పండి... ఒక్కొక్కటీ చదువుతాను.

నాయిన ఇప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాడు. బయటికి వెళ్లేముందు ఎడమ కాలు నా ముందుకు జరుపుతాడు. ఆ పట్టీ నేనే పెడతాను... రెండుసార్లు లాగి చూస్తాను.